బాపు ఫోన్ వచ్చే టైమ్

మొన్న మన సెమినార్ హాల్లో ఫోన్ వ్యసనం మీద అవగాహన కార్యక్రమం పెట్టారు కదా. మీలో చాలామంది వచ్చారు. వెనక వరుసల్లో కూర్చుని రీల్స్ చూసినవాళ్ళూ ఉన్నారు, నేను చూశాను. వచ్చిన అతిథి బాగానే మాట్లాడారు. చివర్లో ఒక మాట అన్నారు: "ఫోన్ పక్కన పెట్టండి, అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడండి." అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చప్పట్లు ఆగాక నా పక్కనున్న రూమ్మేట్ నెమ్మదిగా అడిగాడు: "ఫోన్ పక్కన పెడితే మా అమ్మతో ఎలా మాట్లాడాలిరా?"

వాళ్ళమ్మ కువైట్‌లో ఉంటుంది. మా బాపు దుబాయ్‌లో ఉంటాడు.

వాడు జోక్‌గానే అన్నాడు. కానీ నాకు మాత్రం ఆ ప్రశ్న అక్కడితో వదల్లేదు. అందుకే ఈ సంచికకి కవిత ఇస్తానని చెప్పి ఇది రాస్తున్నా. సంపాదకులు క్షమించాలి.

ముందే చెప్తున్నా, ఇది "ఫోన్ చెడ్డది" అని చెప్పే వ్యాసం కాదు. "మా బాధ మీకేం తెలుసు" అని ఏడ్చే వ్యాసం కూడా కాదు. ఇంటర్ మొదటి సంవత్సరంలో నేను రోజుకి ఏడెనిమిది గంటలు ఫోన్లోనే ఉండేవాణ్ణి. లెక్కల్లో ఒక పేపర్ తప్పాను. అందులో తప్పు నాదే. కానీ ఆ అలవాటు ఎలా మొదలైందో, ఎలా తగ్గిందో వెనక్కి తిరిగి చూసుకుంటే నాకు ఒక విషయం అర్థమైంది. మనకి అందరూ చెప్పే సలహాలన్నీ అమ్మానాన్నలు ఇంట్లో ఉన్న పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని చెప్పేవే. మాలాంటివాళ్ళకి అవి సగమే పనిచేస్తాయి.

మాది జగిత్యాల జిల్లా, మెట్‌పల్లి దగ్గర ఒక ఊరు. మా వైపు ఏ వాడకట్టుకి పోయినా గల్ఫ్‌లో మనిషి లేని ఇల్లు దొరకడం కష్టం. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి మగవాళ్ళు దుబాయ్, సౌదీ, మస్కట్ పోతారు. నా రూమ్మేట్‌ది కోనసీమలో రాజోలు వైపు. అక్కడి నుంచి, ఇటు రాయలసీమలో రాజంపేట, రాయచోటి నుంచి ఆడవాళ్ళు కూడా కువైట్‌కి ఇంటిపనికి వెళ్తారు. ఒకచోట ఇంట్లో నాన్న ఉండడు, ఇంకోచోట అమ్మ ఉండదు. పిల్లలకి మాత్రం రెండుచోట్లా ఫోనే దిక్కు.

నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు బాపు మొదటిసారి దుబాయ్ పోయిండు. బోరు ఎండిపోయింది, రెండో బోరులో నీళ్ళే పడలేదు, ఆ అప్పు నూటికి రెండు రూపాయల మిత్తి చొప్పున పెరుగుతూ పోయింది. ఏజెంటుకి కట్టింది కూడా అప్పు తెచ్చే కట్టాడు. అంటే అక్కడ ఆయన సంపాదించిన మొదటి రెండేళ్ళ జీతం, అక్కడికి పోవడానికి చేసిన అప్పుకే చాలింది. ఇంటి దగ్గర నేను, అక్క, అమ్మ, నాయినమ్మ. అమ్మ బీడీలు చుడుతుంది. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒళ్ళో చాట, చేతిలో కత్తెర, తునికాకు. ఇంట్లో చదువు వచ్చినవాళ్ళం అక్క, నేను. అక్కకి పెళ్ళయ్యాక నేనొక్కణ్ణే.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. అంతకుముందు ఒక జీబీ నెలంతా వాడుకునేవాళ్ళం, తర్వాత ఒక రోజుకే ఒక జీబీ వచ్చింది. 2017లో బాపు సెలవు మీద వచ్చినప్పుడు సూట్‌కేసులో నిడో పాలపొడి, టాంగ్ డబ్బా, యాక్స్ ఆయిల్, సెంటు సీసాలతో పాటు ఒక స్మార్ట్‌ఫోన్ కూడా తెచ్చిండు. "ఇది వీనిది గాదు, ఇంటిది" అని అందరి ముందూ చెప్పిండు. నాకు గుర్తుంది. కానీ ఇంట్లో దాన్ని నడపడం వచ్చింది నాకొక్కడికే.

అసలు సంగతి ఇక్కడే మొదలైంది. దుబాయ్‌లో వాట్సాప్ మెసేజ్ పోతుంది కానీ వాట్సాప్ కాల్ పోదు. అక్కడి ప్రభుత్వం అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లోనే మాట్లాడాలి. అది ఎక్కించింది నేను. నెట్ ఆగిపోతే మళ్ళీ కలిపేది నేను. బాపు పంపిన డబ్బు బ్యాంకులో పడిందా అని మెసేజ్ చూసేది నేను. రీచార్జ్ చేసేది నేను. ఓటీపీ చదివి చెప్పేది నేను. పన్నెండేళ్ళకే నేను మా ఇంటికి ఒక ఆఫీసర్ లాగా తయారయ్యా. అమ్మ నన్ను అడిగేది: "బిడ్డా, బాపుకు ఒకసారి కలుపు." అలా నన్ను బతిమాలాల్సిన అమ్మ, నా చేతిలోంచి ఫోన్ ఎట్లా గుంజుకుంటుంది?

ఇంకొకటి, టైమ్. మనకీ దుబాయ్‌కీ గంటన్నర తేడా. మనకి రాత్రి 11:30 అయితే వాళ్ళకి 10. బాపు స్టీల్ ఫిక్సర్. స్లాబులకి, కాలమ్‌లకి రాడ్లు కట్టే పని. ఓవర్‌టైమ్ ఉంటే ఆరింటిదాకా సైటు మీదే. అక్కణ్ణుంచి బస్సులో క్యాంపుకి, స్నానానికి లైను, వంటకి లైను, తిని మంచం ఎక్కేసరికి పది. అప్పుడు మాకు ఫోన్. అంటే మా ఇంట్లో రాత్రి 11:30.

తొమ్మిదింటికి అన్నం తిని, 11:30 దాకా ఒక పిల్లవాడు ఏం చేస్తాడు? చేతిలో ఫోన్ ఉంది, రోజుకి ఇచ్చే డేటా ఉంది, నిద్రపోకూడదు. అమ్మ బీడీలు చుట్టి చుట్టి కునుకు తీసేది. "బాపు ఫోన్ జేస్తడు, వాని కాడనే ఉండనియ్" అని నాయినమ్మకి చెప్పేది. మొదట్లో నిజంగానే ఎదురుచూసేవాణ్ణి. తర్వాత ఎదురుచూస్తూ వీడియోలు చూసేవాణ్ణి. ఆ తర్వాత వీడియోలు చూస్తుంటే మధ్యలో బాపు ఫోన్ వచ్చేది. ఈ మూడు వాక్యాల మధ్య సుమారు రెండేళ్ళు గడిచాయి. ఏ రోజు మారానో నాకే తెలియదు. ఒకరోజు మాత్రం బాగా గుర్తుంది. ఆట మంచి ఊపులో ఉండగా స్క్రీన్ మీద "బాపు" అని వచ్చింది. నాకు చిరాకేసింది. ఎత్తాను, "ఆ... తిన్న బాపు, సదువుతున్న బాపు" అని రెండు నిమిషాల్లో అమ్మకి ఇచ్చేశా. అమ్మ ఎప్పుడు మాట్లాడడం ఆపుతుందా అని పక్కనే నిలబడ్డా.

ఎవరి కోసం ఫోన్ వచ్చిందో ఆ మనిషే ఫోన్‌కి అడ్డంగా అనిపించాడు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

తర్వాత కరోనా. బాపు క్యాంపులో ఎవరికో వచ్చిందని ఆ బిల్డింగ్ మొత్తం మూసేశారు. 2020 మే 7 నుంచి వందే భారత్ విమానాలు మొదలైనా బాపు రాలేదు. వస్తే పని పోతుంది, పని పోతే అప్పు ఉంటుంది. నేను రాత్రిళ్ళు దుబాయ్ వార్తలు వెతికేవాణ్ణి. ఒక వీడియో చూస్తే ఇంకొకటి, అది చూస్తే మరొకటి. భయం వేసినా అదే ఫోన్, భయం మరిచిపోవాలన్నా అదే ఫోన్. సెప్టెంబర్ 1న యాదగిరి ఛానెల్‌లో, టీశాట్‌లో మాకు పదో తరగతి పాఠాలు మొదలయ్యాయి. మర్నాడే, సెప్టెంబర్ 2న, కేంద్రం పబ్జీని నిషేధించింది. మా ఊరి పెద్దమనుషులు "ఇగ పోరగాండ్లు బాగుపడ్తరు" అన్నారు. వారం తిరగకముందే మేమంతా వేరే ఆటలోకి మారిపోయాం. ఒక ఆట మూసేస్తే అలవాటు పోతుందనుకోవడం, ఒక బెల్టుషాపు మూయిస్తే ఊళ్ళో తాగుడు ఆగిపోతుందనుకోవడం లాంటిదే.

2021లో పదో తరగతి పరీక్షలు రద్దయి అందరం పాసయ్యాం. నా అలవాటు ఇంకో ఏడాది దాక్కోగలిగింది. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు 2022 వేసవిలో నిజంగానే జరిగాయి. లెక్కలు 1బీ తప్పాను.

ఆ రాత్రి బాపుకి చెప్పింది నేనే. తిడతాడనుకున్నా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. వెనక ఎవరిదో ఫోన్లో పాట వినపడుతోంది. తర్వాత అన్నాడు: "నీ తప్పేం లేదు బిడ్డా. నేను ఇంటికాడ ఉంటే గిట్ల గాకపోవు."

తిడితే బాగుండేది. ఎండలో రాడ్లు కట్టి పంపిన డబ్బుతో నేను చదవకుండా కూర్చుంటే, క్షమాపణ ఆయన చెప్పాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, మా ఊళ్ళో అందరూ అనే మాట గురించి చెప్పాలి. "తండ్రి దుబాయ్‌ల ఉంటే పిలగాండ్లు కరాబైతరు" అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. మా క్లాసులో తల్లిదండ్రులిద్దరూ ఇంట్లోనే ఉండి, అన్నం తినేటప్పుడు కూడా ఫోన్ వదలనివాళ్ళు ఎంతమంది లేరు? గల్ఫ్ పిల్లలందరూ చెడిపోతే ఈ కాలేజీలో సీటు తెచ్చుకున్న మేమంతా ఎవరం? ఫోన్ ఎక్కువగా వాడటం ఈ కాలంలో అందరి సమస్య. మా విషయంలో తేడా ఏంటంటే, దాన్ని ఆపే దారులు మూసుకుపోయి ఉంటాయి. నాకు కనిపించినంతవరకు అవి మూడు.

ఒకటి, మా ఇంట్లో ఫోన్‌ని తీసి పక్కన పెట్టలేరు. ఇంటికీ బయట ఉన్న మనిషికీ మధ్య ఉన్నది ఆ ఒక్క తాడే. తాగుడు మానాలంటే సీసా పారేయొచ్చు. మా దగ్గర ఆ సీసాలోనే బాపు గొంతు కూడా ఉంటుంది.

రెండు, వద్దని చెప్పాల్సిన మనిషి దూరంగా ఉంటాడు, దగ్గరున్న మనిషి పిల్లవాడి మీదే ఆధారపడి ఉంటుంది. దూరంగా ఉన్నవాళ్ళకి రోజుకి దొరికేదే పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో కొడుకుని తిట్టాలని ఎవరికి అనిపిస్తుంది? అందుకే అడిగే ప్రశ్నలు కూడా అవే మూడు. తిన్నవా, సదివినవా, పైసలు కావాల్నా. మూడింటికీ ఒకే మాటలో జవాబు చెప్పొచ్చు. మూడింటికీ అబద్ధం చెప్పొచ్చు.

మూడు, ఈ అలవాటు మేం ఒంటరిగా పెంచుకున్నది కాదు, ఎదురుచూస్తూ పెంచుకున్నది. దీన్ని మా రూమ్మేట్ నాకంటే బాగా చెప్తాడు. వాడి అనుమతితోనే రాస్తున్నా. వాళ్ళమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది. కువైట్‌కీ మనకీ రెండున్నర గంటల తేడా. మొదట పనిచేసిన ఇంట్లో ఆవిడ ఫోన్ యజమానురాలి దగ్గరే ఉండేది. వారానికి ఒకసారి, శుక్రవారం, ఇచ్చేవాళ్ళు. వీడికి అప్పుడు పద్నాలుగేళ్ళు. వాడు ఆటలాడలేదు, వీడియోలు చూడలేదు. వాట్సాప్ తెరిచి అమ్మ పేరు కింద లాస్ట్ సీన్ చూసేవాడు. మూసేవాడు. మళ్ళీ తెరిచేవాడు. రోజుకి వందసార్లు. క్లాసులో బెంచీ కింద, బాత్రూంలో, అమ్మమ్మ పక్కన పడుకుని దుప్పటి కింద. అది మారదని తెలుసు, శుక్రవారం దాకా మారదు. అయినా చూసేవాడు. "ఒక్కోసారి వేరే రోజు మారేదిరా. ఆన్‌లైన్ అని వచ్చేది. ఫోన్ చేసేలోపే పోయేది. ఆ ఒక్కసారి కోసం మిగతా తొంభై తొమ్మిది సార్లు చూసేవాణ్ణి" అన్నాడు.

ఎప్పుడొస్తుందో తెలియని దాని కోసం మనిషి ఎక్కువగా చూస్తాడు. రీల్స్ మనల్ని పట్టి ఉంచేది కూడా ఇలాగే, తర్వాతిది బాగుంటుందేమో అని. వీడికి ఆ రీల్ స్థానంలో అమ్మ ఉంది. ఇప్పుడు ఆవిడ ఇల్లు మారింది, ఫోన్ ఆవిడ దగ్గరే ఉంటుంది, రోజూ మాట్లాడుతుంది. వీడి చెయ్యి మాత్రం ఇప్పటికీ రెండు నిమిషాలకోసారి ఫోన్ మీదికి పోతుంది. చూడటానికి ఇప్పుడు లాస్ట్ సీన్ అవసరం లేదు, ఏదో ఒకటి చాలు. ఇలాంటివాడికి వెళ్ళి "ఫోన్ పక్కన పెట్టి అమ్మతో మాట్లాడు" అని చెప్తే ఏమంటాడు? ఆ రోజు హాల్లో అన్నదే అంటాడు.

మరి నా అలవాటు ఎలా తగ్గింది? ఏ యాప్ పెట్టుకునీ కాదు. అమ్మ వల్ల.

నేను తప్పిన వారం తర్వాత అమ్మ బాపుతో మాట్లాడుతూ నేను వినేలాగే అన్నది: "ఇగ రాత్రి చెయ్యకు. మేం ఎదురుచూడం. పొద్దుగాల నువ్వు లేవంగనే చెయ్యి." బాపు బస్సు తెల్లవారుజామున 5 గంటలకి క్యాంపు నుంచి బయల్దేరుతుంది. నాలుగింటికి లేస్తాడు. 4:15కి ఫోన్ చేస్తే మనకి 5:45. అమ్మ ఎలాగూ ఆ టైమ్‌కి బీడీల ముందు కూర్చునే ఉంటుంది. రాత్రి పదింటికి ఫోన్ బీరువాలోకి, తాళంచెవి అమ్మ కొంగుకి.

ఒక్క టైమ్ మార్పు, అంతే. ఏడో తరగతి నుంచి నేను మెలకువగా ఉండటానికి ఉన్న ఒకే ఒక్క న్యాయమైన కారణం పోయింది. ఇప్పుడు 5:45కి లేవాలి, లేవాలంటే పడుకోవాలి. మొదటి పదిహేను రోజులు నరకం అనుకోండి. ఊరికే కోపం, నిద్ర పట్టదు, చేతులు ఖాళీగా ఉంటే ఏం చేయాలో తెలియదు. రెండుసార్లు అమ్మ నిద్రపోయాక తాళంచెవి తీశాను. రెండోసారి నాయినమ్మకి దొరికిపోయా. ఆమె అరవలేదు. "గా డబ్బల ఏముంది రా, నాకు జూపియ్యి" అని పక్కన కూర్చుంది. ఆమెకి చూపించడానికి వెతికితే, చూపించదగ్గది ఒక్కటీ దొరకలేదు.

మాటలు కూడా మారాయి. పొద్దున ఫోన్ చేసినప్పుడు బాపు పడుకోబోయే మనిషి కాదు, పనికి పోయే మనిషి. షూ వేసుకుంటూ మాట్లాడేవాడు. సప్లిమెంటరీకి లెక్కలు చేస్తున్నానంటే ఒకరోజు అడిగాడు: "పన్నెండు ఎంఎం రాడ్డు మీటరుకు ఎంత బరువుంటది చెప్పు?" నాకు తెలియదు. "వ్యాసాన్ని వ్యాసంతోటి కొట్టు, 162తోటి పంచు" అన్నాడు. 12ని 12తో హెచ్చవేసి 162తో భాగిస్తే 0.89 కిలో. పదహారు ఎంఎం అయితే 1.58. ఐదో తరగతితో చదువు ఆగిపోయిన మా బాపు ఆ లెక్కలు నోటితో చెప్తున్నాడు. ఆ 162 ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకి తెలియదు. నేను కూర్చుని లెక్క కట్టా. ఉక్కు సాంద్రత ఘనపు మీటరుకి 7850 కిలోలు, వృత్తం వైశాల్యం, మిల్లీమీటర్లని మీటర్లలోకి మారిస్తే వచ్చేస్తుంది. మర్నాడు పొద్దున చెప్తే బాపు నవ్విండు. "ఇన్నేండ్ల సంది కొడుతున్న, ఎందుకో ఇయ్యాల ఎరికైంది" అన్నాడు. "తిన్నవా" తర్వాత మా మధ్య జరిగిన మొదటి నిజమైన సంభాషణ అదే అనుకుంటా. నేను సివిల్ తీసుకోవడానికి ర్యాంకు ఒక కారణం. ఇది ఇంకో కారణం.

అంతా బాగుపడిపోయిందని చెప్పను. హాస్టల్‌కి వచ్చాక బీరువా లేదు, అమ్మ కొంగు లేదు. సెమిస్టర్ పరీక్షల ముందు రాత్రి కూడా గంటన్నర రీల్స్ చూసిన రోజులున్నాయి. పోయినేడు బాపు రెండు నెలల సెలవు మీద వచ్చిండు. మొదటి మూడు రోజులు అందరం ఆయన చుట్టూ కూర్చున్నాం. నాలుగో రోజు సాయంత్రం నేను ఒక మంచం మీద ఫోన్ చూస్తున్నా, ఎదురు మంచం మీద బాపు కూడా ఫోన్ చూస్తున్నాడు. పన్నెండు గంటల పని తర్వాత క్యాంపు గదిలో ఆయనకి మాత్రం ఇంకేముంది? ఆయనకీ అదే అలవాటయింది. స్క్రీన్ మీద చూసుకోవడం అలవాటైన ఇద్దరికి ఎదురెదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలియలేదు. చివరికి నాయినమ్మే ఇద్దరినీ చెలకకి తోలింది, కంచెకి కర్రలు పాతమని. పని చేస్తూ ఉంటే మాటలు వచ్చాయి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. మాలాంటి ఇళ్ళల్లో ఫోన్ వాడకం గురించి మాట్లాడే ముందు ఫోన్ కాల్ గురించి మాట్లాడాలి. ఎన్ని గంటలు వాడుతున్నావని అడిగే ముందు, ఆ కాల్ ఎప్పుడు వస్తోంది, ఎవరి ఫోన్‌కి వస్తోంది, అందులో ఏం మాట్లాడుకుంటున్నారు అని అడగాలి.

మీ తమ్ముళ్ళో చెల్లెళ్ళో ఇంటి దగ్గర ఉండి, అమ్మో నాన్నో బయట ఉంటే ఈ నాలుగు పనులు చేసి చూడండి. కాల్‌కి ఒక టైమ్ ఖాయం చేయండి, అది రాత్రి తొమ్మిది దాటాక కాకుండా చూడండి. కుదరని రోజు "ఇవాళ కుదరదు" అని ఒక వాయిస్ మెసేజ్ పెట్టమనండి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదనే నియమం ఉంది. బాపు ఆ టైమ్‌లో నాకు వాయిస్ మెసేజ్‌లు పెడతాడు, నేను క్లాస్ అయ్యాక వింటా. ఎప్పుడొస్తుందో తెలియకుండా ఎదురుచూడటం కంటే రాదని తెలియడం మంచిది. రెండోది, మాట్లాడే ఫోన్ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఉండాలి. అంటే అమ్మకి, అమ్మమ్మకి ఫోన్ ఎత్తడం, చేయడం, డబ్బు పడిందో లేదో చూడటం మనమే నేర్పాలి. మా అమ్మకి బోటిమ్ నేర్పడానికి నాకు పట్టింది రెండు రోజులు. ఐదేళ్ళపాటు నేర్పకపోవడానికి కారణం మాత్రం నేనే. ఆఫీసర్ కుర్చీ వదులుకోబుద్ధి కాలేదు. మూడోది, బయట ఉన్నవాళ్ళకి "తిన్నవా" కాకుండా ఇంకో ప్రశ్న అందించండి. మనమైనా వాళ్ళని అడగొచ్చు, "ఇవాళ ఏం పని చేశావ్?" అని. నేను ఎనిమిదేళ్ళలో బాపుని ఆ ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదు.

నాలుగోది జాగ్రత్తగా చెప్పాలి. అన్నీ టైమ్ మార్చితే పోయేవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ డిజార్డర్ కూడా ఉంది. ఆట మీద అదుపు లేకపోవడం, మిగతా పనులన్నిటికంటే అదే ముందుకు రావడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇది మామూలుగా ఏడాది పాటు సాగడం దాని లక్షణాలు. ఊరికే ఎక్కువసేపు ఆడటం దాని కిందికి రాదు. ఇంటర్నెట్ ఎక్కువ వాడటం మొత్తాన్ని అందులో జబ్బుగా రాయలేదు కూడా. కాబట్టి ప్రతివాణ్ణీ "అడిక్ట్" అని పిలవడం మానేద్దాం. కానీ ఆ లక్షణాలు మీలో కనిపిస్తే, లేదా ఫోన్ తీసేస్తే చచ్చిపోతానని ఎవరైనా అంటే, దాన్ని బెదిరింపు అని కొట్టిపారేయకండి. 14416కి ఫోన్ చేయండి. అది 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి టెక్నాలజీ అలవాట్ల కోసమే ఒక క్లినిక్ నడుస్తోంది. మనలాగే గల్ఫ్‌కి మనుషుల్ని పంపే కేరళలో అక్కడి పోలీసులు పిల్లల కోసం డిజిటల్ డీ-అడిక్షన్ కేంద్రాలు పెట్టారు. వాటి పేరు డీ-డాడ్. అది పొడి అక్షరాలు కలిపి పెట్టిన పేరే, నాకు తెలుసు. కానీ మొదటిసారి చదివినప్పుడు, ఆ పేరులో ఉన్న డాడ్ దగ్గర కాసేపు ఆగిపోయా. మన జగిత్యాలలో, నిజామాబాద్‌లో, కోనసీమలో, రాజంపేటలో అలాంటివి ఎందుకు ఉండకూడదు? అవగాహన సదస్సు ఏడాదికొకసారి వస్తుంది. బడిలో ఒక కౌన్సిలర్ ఉంటే రోజూ ఉంటారు.

ఇక మన కాలేజీకి ఒక మాట. ఈసారి ఇలాంటి కార్యక్రమం పెడితే, ముందుగా ఒక చీటీ మీద పేరు లేకుండా ఒకటే ప్రశ్న అడగండి: "మీరు ఫోన్ తెరిచినప్పుడు ఎవరి కోసం చూస్తారు?" జవాబులు చదివాక అతిథిని పిలవండి. అప్పుడు సలహాలు కొంచెం వేరేగా ఉంటాయని నా నమ్మకం.

రూమ్మేట్ ఇది చదివి ఒక సవరణ చెప్పాడు. "వందసార్లు కాదురా, అంతకంటే ఎక్కువే" అన్నాడు. తర్వాత "మార్చకులే, సిగ్గుగా ఉంటుంది" అన్నాడు. మార్చలేదు.

టైమ్ 10:20 అయింది. మా గదిలో ఈ మధ్య పెట్టుకున్న రూల్ ప్రకారం ఇద్దరి ఫోన్లూ నా పాత డ్రాఫ్టర్ కవర్లో, బీరువా మీద ఉన్నాయి. ఇది నోట్‌బుక్‌లో రాస్తున్నా, రేపు టైప్ చేస్తా. 5:45కి బాపు చేస్తాడు. ఈ వారం ఆయన సైటులో ముప్పై రెండు ఎంఎం రాడ్లు వచ్చాయంట. మీటరు బరువు నేను ముందే లెక్క కట్టి పెట్టుకున్నా, ఈసారి ఆయన్ని నేను అడుగుతా.